కుమారికి బీమా కట్టొద్దన్నాను

ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా దీన్నొక్కదాన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. ఇక మోసే ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

అరబ్బు దేశంలో, ఎగైలా అనే చోట ఒకే ఇంట్లో నేనూ కుమారీ పనిచేసేవాళ్ళం. నాది వంట, ఆమెది పిల్లల పని. ఇద్దరిదీ కోనసీమే. ఆమెకు చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. మా యజమానురాలిని మామా అంటాం. ఏటా ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, కొత్తది చేయించేటప్పుడు మామాయే మా ఆరోగ్య బీమా ఫీజు కట్టేది. ఆ బీమా ఉంటేనే ప్రభుత్వ క్లినిక్‌లో కుమారికి మందు. ఆమెకు అరబ్బీ రాదు. మామా మాట ఆమెకూ, ఆమె మాట మామాకూ నేనే చెప్పేదాన్ని.

ఆ ఏడు ఫీజు బాగా పెంచారు. మామా వంటింట్లోకి వచ్చి, ఇద్దరికీ ఇంతింత కట్టాలా అని విసుక్కుంది. అంతే. ఒకరిని పంపేస్తానని అనలేదు. నాకే గుండె జారింది. పిల్లలు కుమారిని వదలరు, పోతే నేనే పోవాలి అనిపించింది.

"కుమారి ఇంటికి వెళ్ళిపోతానంటోంది మామా. తనకి కట్టొద్దు," అన్నాను.

"ఖలాస్," అంది మామా, ఇక సరే అన్నట్టు. పక్కగదిలో కుమారి ఇస్త్రీ చేసుకుంటోంది.

టికెట్ చేతికొచ్చాక ఏడ్చింది. "నేనేం తప్పు చేసేనక్కా? అక్కడ సూదిమందు ఎలాగ కొనుక్కోను? ఒకపాలి మామానడుగుదూ."

"అడిగేనే. ఫీజు పెరిగిపోయిందంట. కట్టదంట."

అడగలేదు. ఎందుకేడుస్తోందని మామా అడిగితే, పిల్లల్ని వదల్లేక అని చెప్పాను. పాపం మామా, ఇష్టపడి వెళ్తోందనుకుని కొత్త బట్టలు పెట్టింది.

అడిగుంటే ఏం పోయేది? నా పరువు పోయేది, అంతేగా? భయపడ్డానని సర్దిచెప్పుకుందామంటే ఆ భయం మొదటి అబద్ధానికే సరిపోతుంది. రెండోది తీరిగ్గా, ఆమె కన్నీళ్ళు చూస్తూ చెప్పాను. పిల్లలకు ఆమె అంటే ఇష్టమని కుళ్ళుకున్నాను కూడా. ఇది ఇప్పుడే నాకు నేను ఒప్పుకుంటున్నాను.

ఊళ్ళో ఆసుపత్రిలో మందు ఒకసారి ఉండేది, ఒకసారి ఉండేది కాదు. లేనప్పుడు మానేసేదట. కాలికి పుండు పడింది. మోకాలి కింద తీసేశారు.

నేనింకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఏటా నా బీమా కడుతున్నారు. నాకు జ్వరం కూడా రాదు.

మొన్న శుక్రవారం కుమారి ఫోన్‌లో మాట పంపింది. "ఒంట్లో బాగోపోతే అశ్రద్ధ చేయకక్కా, నీకు బీమా ఉంది కదా. ఆ రోజు నాకోసం మామానడిగేవు. అది మర్చిపోను."

విని, బాగున్నానని జవాబు పెట్టాను. అడగలేదని ఆమెకు రాయలేకపోయాను. మీకు రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.