రాయప్ప మామ వాసన చూసిన తైలం

గత ఆదివారం తిరుపతిలో మా ఆఫీసు అమ్మాయి బిడ్డకు జ్ఞానస్నానం జరిగింది. ఫాదర్ గారు చిన్న సీసా మూత తీసి, బొటనవేలితో బిడ్డ నడినెత్తిన తైలం రాశారు. రెండో వరుసలో కూర్చున్న నా దాకా ఆ వాసన వచ్చింది. ఆలివ్ నూనెలో ఏదో చెట్టు బంక కలిసిన వాసన, కొంచెం తీపి, కొంచెం వగరు. అందరూ బిడ్డ ఏడుస్తుందేమోనని చూస్తుంటే నేను చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ ఒకసారి పీల్చి చూశాను. నిజంగా వచ్చిందా, వస్తుందని తెలుసు కాబట్టి వచ్చినట్టు అనిపించిందా? పక్కనున్నావిడ నాకు జలుబు చేసిందనుకుని కాస్త జరిగి కూర్చుంది. ఈ జబ్బు నాకు రాయప్ప మామ అంటించి పోయాడు.

ఆ వాసన సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. తిరుపతి, చిత్తూరు అనగానే అందరికీ కొండా కాళహస్తీ గుర్తొస్తాయి. ఇదే నేల మీద మా కథోలికులకు ఇంకో పటం ఉంది. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక విచారణ, దానికొక గురువు. అలాంటి విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం, దానికి బిషప్ గారు. ఆయన ఆసనం ఉండే గుడి కతీడ్రల్. మా కతీడ్రల్ ఘాటు రోడ్డు దిగి, బస్సులో సగం పగలు పోయేంత దూరంలో, వేరే జిల్లాలో ఉంది. ఏటా ఈస్టర్ ముందు పవిత్ర వారంలో గురువులందరూ అక్కడికి చేరతారు. బిషప్ గారు తైలాలు ఆశీర్వదిస్తే, చిన్న సీసాల్లో పోసుకుని ఎవరి విచారణకు వాళ్ళు తెచ్చుకుంటారు. వాటిలో పరిమళం కలిపేది ఒక్కదానిలోనే, ఏడాదంతా బిడ్డల నెత్తిన రాసేది అదే. కతీడ్రల్ గడప ఎన్నడూ తొక్కని ముసలమ్మకు కూడా ఆ సీసాతో కతీడ్రల్ ఊళ్ళోకి వచ్చినట్టే ఉంటుంది.

పలమనేరు పక్కన మా ఊళ్ళో దీనికి ఒక ఆచారం తోడైంది. ఇంకే ఊళ్ళోనూ నేను చూడలేదు. కొత్త సీసా వచ్చాక ఈస్టర్ తర్వాతి ఆదివారం, పూజకు ముందు, గుడి పెద్ద మూత తీసి వాసన చూసి, "వచ్చింది" అని గట్టిగా చెప్పాలి. జనం ఆమెన్ అనాలి. పూర్వం ఎవరో దోవలో సీసా పగలగొట్టుకుని, కొట్లో నూనె పోసి తెచ్చి ఇచ్చాడట. అప్పటి నుంచి ఈ తనిఖీ మొదలైందట. ఆ పగలగొట్టిన మనిషి పేరు మాత్రం ఊళ్ళో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఈ కథ మీదా నాకు పెద్దగా నమ్మకం లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పెద్ద రాయప్ప మామే.

మామ చిత్తూరు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ప్రమాణం చేసి మరీ చెప్పే అబద్ధాలు వినీ వినీ, ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, కళ్ళు చిన్నవి చేసుకునేవాడు. వాన పడుతుందని రేడియో చెబితే బట్టలు ఆరేసేవాడు. వైద్యుడు మందు రాస్తే ఇంకో వైద్యుడిని అడిగేవాడు, ఇద్దరూ ఒకే మందు రాస్తే వాళ్ళిద్దరూ బంధువులేమోనని ఆరా తీసేవాడు. అత్త పోయాక ఒంటరిగా మా ఎదురింట్లో ఉండేవాడు. మా నాయన తెల్లవారి నుంచి పాడి ఆవుల మధ్య తీరిక లేకుండా ఉండటంతో, నా చదువు మామ చేతుల్లో పడింది. పాఠాలకంటే అడ్డు ప్రశ్నలే ఎక్కువ నేర్చుకున్నాను.

నేను పలమనేరులో కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఒక పుకారు లేచింది. మా మేత్రాసనం రెండుగా చీలుతుందనీ, మా గుడే కొత్త కతీడ్రల్ అవుతుందనీ. ఊరంతా పండగైపోయింది. నేను పరుగున వెళ్ళి మామకు చెప్పాను. ఆయన పేపరు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఎవురు చెప్పినారు?"

"రోజమ్మత్త. గుడి కొలిచేదానికి మనుషులొచ్చినారంట. ఆయమ్మ కళ్ళారా చూసిందంట."

"సూసినోళ్ళు యాడ నిలబడి సూసినారు?"

పోయి కనుక్కొని రమ్మన్నాడు. రోజమ్మత్త వాళ్ళ మిద్దె మీద నిలబడి చూసింది. అక్కడి నుంచి టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు తప్ప వాళ్ళ మాటలు వినిపించవు. ఆ ఇద్దరినీ వెతికి పట్టుకుంటే, పావురాలు దూరకుండా కిటికీలకు వల కొట్టడానికి కొలతలు తీసుకున్నామన్నారు. వచ్చి చెప్పాను. మామ నవ్వలేదు.

"నన్ను దర్జీ శానాసార్లు కొలిచినాడు. నేనింకా రోములో పోపును కాలేదు," అన్నాడు.

ఆ ప్రశ్నే నాకు తిరుపతిలో అన్నం పెట్టింది. పేపరు డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరాక, ప్రత్యక్ష సాక్షులు తెలిపారు అని రాసి పంపిన ప్రతి రిపోర్టరుకూ ఫోను చేసి, వాళ్ళు ఎక్కడ నిలబడి చూశారని అడిగేదాన్ని. వెనకాల నన్ను పోలీసమ్మ అంటారని తెలుసు. బాధపడలేదు. ఇక్కడి జిల్లాలు చీలినప్పుడు మళ్ళీ కతీడ్రల్ పుకారు లేచింది. ఈసారి మా ఊరి నుంచి ఫోను చేసినవాళ్ళకు నేనే చెప్పాను, కలెక్టరు గీసిన గీత వేరు, రోము గీసే గీత వేరని. ఆ మాట కూడా మామదే.

ఇక అసలు సంగతి. కరోనా రెండోసారి ఊపేసి పోయిన తర్వాత వచ్చిన ఈస్టర్ అది. మా ఊరికి ఫాదర్ కిరణ్ అని కుర్ర గురువు కొత్తగా వచ్చారు. మా చెల్లెలు శాంతికి నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డ, పిడికెడు మనిషి. జ్ఞానస్నానం అయ్యేదాకా ఆ బిడ్డను గడప దాటించనని శాంతి మొండిపట్టు పట్టింది. ఈస్టర్ తర్వాతి ఆదివారమే జ్ఞానస్నానం, బిడ్డను ఎత్తుకుని నిలబడే జ్ఞానతల్లిని నేనే. ఆ రోజు గుడి నిండిపోయింది, సాంబ్రాణి పొగ కమ్ముకుంది. మామ లేచి సీసా మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు. మూత బిగించి పీఠం మీద పెట్టేశాడు.

"ఇది కతీడ్రల్ తైలం కాదు," అన్నాడు.

ఫాదర్ కిరణ్ ముఖం పాలిపోయింది. "నేనే స్వయంగా తెచ్చాను రాయప్ప గారూ. బిషప్ గారి ముందే పోసుకున్నాను," అన్నారు.

"తెచ్చింటే వాసన వస్తుంది గదా స్వామీ."

ఇక చూడాలి మా ఊరిని. ముందు వరుసలో ఎవరో ఆడమనిషి వాసన వచ్చినట్టే ఉందంది, అది సాంబ్రాణి అన్నారు. వాసన తగిలినవాళ్ళకు కూడా తగల్లేదనిపించింది. మామ ముక్కును కాదని మళ్ళీ ఆ మూత తీసి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, నాకు కూడా. తైలం తేవాల్సిన రోజు పొద్దున ఫాదర్ గారు బస్సు ఎక్కలేదని ఒకరు గుర్తు తెచ్చుకున్నారు. కతీడ్రల్‌లో పూజ వేళకు పలమనేరు బస్టాండులో కనిపించారని ఇంకొకరు అన్నారు. ఇంకో గురువు కారులో వెళ్ళానని ఆయన చెబితే, ఆ కారు రంగేమిటని అడిగారు. బిషప్ గారికి చెప్పి ఈయనను మార్పించాలని తీర్మానమైపోయింది. శాంతి బిడ్డను ఒడిలో పెట్టుకుని, దొంగ తైలం నా బిడ్డకు వద్దని ఏడ్చింది. నాకూ ఫాదర్ గారి మీద అనుమానమే. నిజం చెప్పాలంటే, మామ తప్పు చెప్పడం నేను పుట్టాక చూడలేదు.

మర్నాడు కతీడ్రల్‌కు పోయి తేల్చుకుందామని మామ బయలుదేరాడు. ఒంటరిగా పంపలేక నేనూ సెలవు పెట్టాను. పొద్దున పిలుద్దామని వాళ్ళింటికి వెళ్ళేసరికి వాకిట్లోకే కమురు కంపు కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడిపోతోంది. మామ అదే గదిలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. పరుగెత్తి స్టవ్ ఆపాను. మనసంతా ఆ తైలం మీదే ఉంది పాపం అనుకున్నాను.

కతీడ్రల్‌లో మధ్యాహ్నం ఎవరూ లేరు. ఎత్తయిన పైకప్పు కింద బిషప్ గారి కుర్చీ ఖాళీగా ఉంది. మామ దాన్ని కూడా ఓసారి పరీక్షగా చూసి ముందుకు నడిచాడు. తైలాలు చూసుకునే ముసలి గురువుకు విషయం చెబితే ఆయన కోప్పడలేదు. మీ కుర్ర ఫాదరు నా చేతి నుంచే తీసుకున్నాడని చెప్పి, బీరువాలోని పెద్ద జాడీ తెచ్చి మా ముందు మూత తీశారు. ఆ వాసన గదంతా నిండింది, నాకు కళ్ళు చెమర్చేంత ఘాటుగా. మామ వంగి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఈడే మార్చేసినారు పాపా. మోసం ఈణ్ణుంచే మొదలైంది."

ఫాదర్ కిరణ్ నుంచి ముసలి గురువు దాకా, ఆయన నుంచి బిషప్ గారి దాకా, మామ అనుమానం మెట్లెక్కి పోతోంది. అంతలో పొద్దున మాడిన గిన్నె నా కళ్ళ ముందు మెదిలింది. పోయిన ఏడాది కరోనా జ్వరంతో మామ మంచం పట్టిన రోజులు గుర్తొచ్చాయి. బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాను.

"మామా, పొద్దున నీ ఇంట్లో పాలు మాడినాయి. నీకు తెలిసిందా?"

"నువ్వు స్టవ్వు ఆపితే తెలిసింది."

"అంతకు ముందు?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. అడగాలంటే భయమేసింది. అయినా అడిగాను. "సూసినోళ్ళు యాడ నిలబడి సూసినారు మామా?"

మామ లేచి గేటు దగ్గర పూలమ్మే ఆమె దగ్గరికి నడిచాడు. మల్లెమూర ఒకటి తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. మరువం తీశాడు, దాన్నీ నలిపి చూశాడు. "ఏమ్మా, వీటికి వాసన లేదే," అన్నాడు నెమ్మదిగా. ఆ తల్లికి ఒళ్ళు మండింది. పొద్దున కోసిన పూలను పట్టుకుని ఏం మాటయ్యా అని దులిపేసింది. మామ ఆమెతో వాదించలేదు. మల్లెమూర కొని నా చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచాడు. దోవంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన ముఖం చూసి నాకు కలిగిన బాధ, తర్వాత ఆయన పోయిన రోజు కూడా కలగలేదు.

జబ్బు సంగతి గుట్టుగా ఫాదర్ గారికి చెప్పి సర్దుబాటు చేసుకుందామని నేనన్నాను. మామ ఒప్పుకోలేదు. మాట అందరి ముందర అన్నప్పుడు అందరి ముందరే తీసుకోవాలన్నాడు. మళ్ళీ ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పీఠం ముందు నిలబడ్డాడు.

"జ్వరం వచ్చినప్పటి నుంచి నా ముక్కు పని చేయలేదు. అది నాకే తెలీదు. తెలీకుండా ఈ స్వామి మింద సాక్ష్యం చెప్పినాను. ఆ సాక్ష్యం చెల్లదు. నన్ను నమ్మి మీరు అన్న మాటలు గూడా చెల్లవు," అన్నాడు. కారు రంగు అడిగినాయన తల దించుకున్నాడు. మామ ఫాదర్ కిరణ్ ముందు చేతులు జోడించబోతే ఆయన పట్టుకుని ఆపారు. సీసా మూత తీసి, వరుస వెంట వరుస నడుస్తూ అందరికీ వాసన చూపించారు. చివరికి మా పిడికెడు బిడ్డ నెత్తిన రాశారు. శాంతి ఆ రోజంతా బిడ్డ తల వాసన చూస్తూనే ఉంది. మా ఊళ్ళో ఇప్పటికీ సీసా వరుసలన్నీ తిరుగుతుంది, వచ్చిందని అందరూ కలిసి చెబుతారు.

మామ మారిపోయాడని అనుకుంటే పొరపాటు. తిరిగొచ్చేటప్పుడు గుడి మెట్లు దిగుతూ, "ఫాదరు మంచోడే. అయినా అంత పొద్దున్నే బస్సు ఉండంగా కారులో ఎందుకు పోయినాడంటావు?" అన్నాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

రెండేళ్ళ తర్వాత మంచాన పడ్డాడు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి ఫాదర్ కిరణ్ తైలం సీసాతో పక్కన ఉన్నారు. రోగులకు రాసే తైలం వేరు. ఫాదర్ గారు నుదుట రాయబోతుంటే మామ చెయ్యెత్తి ఆపాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"పాపా, వాసనేమన్నా వస్తా ఉండాదా?"

వంగి చూశాను. "లేదు మామా. దీంట్లో పరిమళం కలపరు. ఇది ఇట్లే ఉంటుంది."

ఎవురు చెప్పినారు అంటాడని చూశాను. బొటనవేలు గాల్లో పెట్టుకుని ఫాదర్ గారు కూడా దానికోసమే చూస్తున్నారు. మామ నా ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళు చిన్నవి కాలేదు.

"నువ్వు చెప్పినావు గదా. సాలు," అని కళ్ళు మూసుకున్నాడు.

నన్ను అంతగా నమ్మినవాళ్ళు ఎవరూ లేరు, ఆ నమ్మకమంత బరువైనదీ ఇంకేదీ లేదు. ఇప్పుడు డెస్కులో ఎవరి వార్త మీదైనా ఎర్ర సిరా పెట్టేముందు, నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానని ఒకసారి నన్ను అడుగుతాను. పొద్దున కాఫీ గ్లాసు ముందు ముక్కు పెట్టి, అది పని చేస్తోందని నిర్ధారించుకున్నాకే ఇల్లు కదులుతాను. మొన్న ఆదివారం పూజ అయ్యాక ఆ అమ్మాయి బిడ్డను నా చేతికి ఇచ్చి, "మంచి వాసన కదా మేడం," అంది. వెంటనే ఔననలేదు. బిడ్డ నడినెత్తి మీద ముక్కు పెట్టి నిదానంగా పీల్చాను. కాసేపాగి మళ్ళీ పీల్చాను. అప్పుడు, "వచ్చింది," అన్నాను.