విడిది హోటల్లో పరమేశ్వరి

తిరువూరు బట్టల కొట్టువాళ్ళ బంధువర్గంలో ఏ ఆడపిల్ల పెళ్ళి కుదిరినా, శుభలేఖలు అచ్చుకి వెళ్ళకముందే ఒక సంగతి ఖాయమైపోయేది. విడిదికి పరమేశ్వరి. మగపెళ్ళివారు దిగిన చోట వాళ్ళకి వేడినీళ్ళ దగ్గర్నుంచి వక్కపొడి దాకా అందించాలి, వాళ్ళ అలకలు నవ్వుతూ దిగమింగాలి, అందర్నీ తయారుచేసి మండపానికి పంపాలి. "మా అక్కకున్న ఓపిక ఇంకెవరికుందండీ!" అనేవాడు తమ్ముడు చంద్రశేఖరం. బస్టాండు దగ్గర బట్టల కొట్టు ఆయనది.

ఓపికట, ఓపిక! ఆవిడ భర్త పోయి ఇరవై రెండేళ్ళయింది. బొట్టు లేని మనిషి ముహూర్తం వేళ పెళ్ళిపీటలకి ఎదురు రాకూడదు. ఆ మాట మొహం మీద అనలేక ఓపిక అని పేరు పెట్టుకున్నారు. పరమేశ్వరికి తెలియదా? శుభ్రంగా తెలుసు. ఇన్నేళ్ళలో పదహారు పెళ్ళిళ్ళకి విడిది చూసింది. ఒక్క తాళి కట్టడం చూడలేదు. ఆవిడ మండపానికి చేరేసరికి రెండో బంతి భోజనాలు నడుస్తుండేవి.

కానీ 2006 వేసవిలో జరిగిన పెళ్ళి సాయిదుర్గది. చంద్రశేఖరం కూతురు. మూడేళ్ళప్పుడు తల్లి పోతే, ఆ పిల్లకి జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, సైకిలు నేర్చుకుంటానంటే వెనకాల పరిగెత్తిందీ మేనత్త పరమేశ్వరే. అందుకే పెళ్ళికి నెల ముందు నోరు తెరిచి అడిగింది.

"ఒరేయ్, దుర్గ మెళ్ళో మూడు ముళ్ళు పడేటప్పుడు నేనుండాలిరా. వెనక వరసలో నిలబడతాను."

"చూద్దాంలే అక్కా. ముందు విడిది సంగతి చూడు," అన్నాడు తమ్ముడు, ఎటో చూస్తూ.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. భార్య పోయిన ఈ పెద్దమనిషి పట్టుపంచె కట్టుకుని మండపమంతా తిరగొచ్చు. పీటల మీద కన్యాదానానికి మాత్రం పిన్నినీ బాబాయినీ కూర్చోబెడితే సరిపోతుంది. మొగుడు పోయిన అక్కే కనపడకూడదు. ఇదెక్కడి న్యాయం?

పెళ్ళి విజయవాడలో. పెళ్ళికొడుకుది నరసరావుపేట. దుర్గ అన్న నాగేంద్ర, "ఈ రోజుల్లో సత్రాలేంటత్తా, కొత్త రకం హోటలొచ్చింది, పేరు తోట," అని ఆ హోటలంతా విడిదికి మాట్లాడేశాడు. తోటలో ఒక్క చెట్టుంటే ఒట్టు! గుమ్మంలో బల్లకి బదులు ఎడ్లబండి పెట్టుకుని, దాని వెనక ఒకమ్మాయి నిలబడి నమస్కారం పెట్టింది. గదులకి నెంబర్లు లేవు, మామిడికాయల పేర్లు. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, తోతాపురి. తిరువూరు మనిషికి మామిడి పేర్లు నేర్పిస్తున్నారు కాబోలు అనుకుంది పరమేశ్వరి.

ఆ పేర్లే కొంప ముంచాయి. సాయంత్రం బస్సు దిగిన గంటకల్లా పెళ్ళికొడుకు మేనమామ వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. "మీ వియ్యంకుడికి బంగినపల్లీ, నాకు జ్యూసు ఫ్యాక్టరీకి తోలే తోతాపురీనా? మా మర్యాద ఇదా?" అని అలిగాడు. గదులన్నీ ఒకటేనండీ అని ఎంత మొత్తుకున్నా వినడే! చివరికి పరమేశ్వరి తనకిచ్చిన చిన్న రసాలు ఆయనకిచ్చి తను తోతాపురిలోకి మారింది. కాఫీ అడిగితే డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఒక గిన్నెలో, పంచదార కాగితప్పొట్లాల్లో వచ్చింది. "కలుపుకోవడం కూడా మేమేనా?" అని ఆడవాళ్ళు మూతులు తిప్పారు. ముప్ఫైరెండు కాఫీలు నిలబడి కలిపింది పరమేశ్వరి.

నిజం చెప్పుకోవాలి కదా, పడక మాత్రం అద్భుతం. నడుం వాల్చగానే ఆవిడకి అమ్మ గుర్తొచ్చింది, అంత హాయిగా ఉంది. కుళాయి తిప్పితే వేడినీళ్ళు ధారగా వచ్చాయి, కాగు కింద పుల్లలు ఎగదోసే పని తప్పింది. గదులు శుభ్రం చేసే మేరమ్మ అడక్కుండానే రెండుసార్లొచ్చి, "ఏమన్నా కావాలా అమ్మగారూ?" అంది. ఆ ప్రశ్న ఏ పెళ్ళిలోనూ ఆవిడనెవరూ అడగలేదు.

తెల్లవారాక అసలు తిప్పలు. స్నానాల గదులకి గోడలు లేవు, అద్దాలు! ఎవడి బుర్రకి తట్టిందో ఆ ఆలోచన, వాడి మొహం మండ! ఒకరు స్నానం చేస్తుంటే తక్కినవాళ్ళంతా తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరండాలో నిలబడాల్సొచ్చింది. ఎలాగో తొమ్మిదిన్నరకి బస్సు కదిలింది. పది నలభై రెండుకి జీలకర్ర బెల్లం, ఆ తర్వాత తాళి. హమ్మయ్య, ఆటో ఎక్కితే అందుకుంటాను అనుకుని పరమేశ్వరి చీర మార్చుకుంది. అప్పుడు వినిపించింది దగ్గు.

పెళ్ళికొడుకు తాత ఆదిశేషయ్య, ఎనభై ఏళ్ళాయన, పెద్ద రసాలలో మంచం మీద బిగుసుకుని కూర్చునున్నాడు. బస్సులో ఉన్నారని మగవాళ్ళు, కార్లో ఉన్నారని ఆడవాళ్ళు అనుకుని వెళ్ళిపోయారు.

"బాబాయిగారూ, ఇంకా స్నానం కాలేదా?"

"ఆ అద్దాల పెట్టెలో నీళ్ళు పోసుకోడానికి నేనేమన్నా కొట్లో బొమ్మనా? స్నానం చెయ్యకుండా మనవడి పెళ్ళికి రాను. అసలు రాను!"

గడియారం పది దాటింది. పరమేశ్వరి మేరమ్మని కేకేసింది. ఇద్దరూ కలిసి దుప్పట్లు తెచ్చి, తమ పిన్నీసులన్నీ ఊడదీసి, అద్దాలకి అడ్డం కట్టారు. ముసలాయన గొణుక్కుంటూ లోపలికెళ్ళాడు. ఎక్కడ తలుపు మూసుకుని తాళం పడిపోతుందోనన్న భయంతో పరమేశ్వరి తాళంచెవి తీసుకుని వరండాలోకొచ్చింది. తాళంచెవంటే అట్టముక్కలాంటి కార్డు. అది గోడలోంచి లాగేస్తే గదిలో కరెంటు మొత్తం పోతుందని ఆవిడకేం తెలుసు?

లోపల్నుంచి ఒక్క పెడబొబ్బ! కార్డు మళ్ళీ గుచ్చి లైటు వెలిగేసరికి, సబ్బు నురగతో, తడిసిన పంచెతో, దుప్పట్లో చిక్కుకుపోయి వణికిపోతున్నాడాయన. పరమేశ్వరి చెయ్యి దొరకగానే గట్టిగా పట్టేసుకున్నాడు.

"చీకట్లో కాలు జారింది. పోయాననుకున్నానమ్మా. చెయ్యి వదలకు."

"వదలనండీ. తప్పు నాదే," అంది. లోపల మాత్రం, అయిపోయింది, ఈసారీ నా రాత ఇంతే అని ఏడుపొచ్చేసింది.

తల తుడిచి, పంచె కట్టుకునేదాకా మొహం తిప్పుకుని నిలబడి, ఆటో ఎక్కించేసరికి పదిన్నర. బీసెంట్ రోడ్డు దగ్గర ఆటో ఆగిపోతే డ్రైవర్ని తిట్టింది, లారీల్ని తిట్టింది, నాగేంద్రని తిట్టింది. దారి పొడుగునా ఆదిశేషయ్య ఆవిడ ఎడమ చెయ్యి వదల్లేదు.

మండపం గుమ్మంలోనే చంద్రశేఖరం కనపడ్డాడు. జీలకర్ర బెల్లం అయిపోయింది, తాళిబొట్టు పళ్ళెం పెద్దల చేతుల మీదుగా తిరుగుతోంది. అక్కని చూడగానే అతని మొహం మారింది.

"అక్కా, తాతగార్ని నేను తీసుకెళ్తా. నువ్వలా భోజనాల వైపు..."

"ఎక్కడికయ్యా?" ఆదిశేషయ్య గొంతు సన్నాయిని మించి లేచింది. "ఈవిడ చెయ్యి వదిలితే నేను పడిపోతాను. నా పక్కనే కుర్చీ వేయించు. లేదంటే ఇలాగే నరసరావుపేట బస్సెక్కుతా!"

మగపెళ్ళివారి పెద్దాయన! తాళి పడకముందు ఆయన మాట కాదనే దమ్ము ఆడపెళ్ళివాళ్ళలో ఎవడికుంది? వియ్యంకుడే పరిగెత్తుకొచ్చాడు. పీటలకెదురుగా, మొదటి వరసలో, రెండు కుర్చీలు పడ్డాయి.

అక్షింతల పళ్ళెం పట్టుకొచ్చిన చుట్టాలావిడ ఆదిశేషయ్యకిచ్చి, పరమేశ్వరిని దాటి పక్క కుర్చీ వైపు జరగబోయింది. పరమేశ్వరి కుడి చెయ్యి చాపి పళ్ళెం అంచు పట్టుకుని ఆపింది. గుప్పెడు తీసుకుంది.

పీటల మీంచి దుర్గ తలెత్తింది. వెతుకుతున్న కళ్ళు అత్త దగ్గర ఆగాయి. ఆ పిల్ల మొహం విప్పారింది. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు. మేళం హోరెత్తింది. సరిగ్గా అప్పుడే పరమేశ్వరికి కళ్ళనిండా నీళ్ళొచ్చి అంతా అలుక్కుపోయింది.

"ఛీ, వీటికి ఇప్పుడే రావాలా!" అని పైకే విసుక్కుని, అక్షింతలున్న చేత్తోనే కళ్ళు గబగబా తుడుచుకుని, రెండో ముడీ మూడో ముడీ కళ్ళారా చూసింది.