గాలి సొరంగంలో గరుత్మంతుడు

నంద్యాలలో మా యూనివర్సిటీ ఏరోస్పేస్ ల్యాబ్‌లో మేం ముగ్గురం: ప్రొఫెసర్ సారు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే నేను, యంత్రాలన్నీ నడిపే టెక్నీషియన్. టెక్నీషియన్‌ది ఆత్మకూరు. సారు మొదలు వాచ్‌మన్ వరకు అందరూ ఆయన్ని భాయ్ అనే పిలిచేవారు. సారుకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ లోటు భాయ్ తీరుస్తుండేవాడు.

ఓ చలికాలం ఉదయం, మేం తయారుచేసిన చిన్న మానవరహిత విమానాన్ని ఎగరేసి చూడడానికి ఆళ్లగడ్డ దాటి శనగ చేల దగ్గరికి జీపులో వెళ్లాం. అది దానంతటదే ఎగిరి, తిరిగొచ్చి, లేచినచోటే దిగాలి. లేవడం బాగానే లేచింది. చేల మీద ఓ చుట్టు తిరిగి, తర్వాత మా మీద ఏ మమకారమూ లేనట్టు ఊరివైపు వెళ్లిపోయింది.

ఫోన్‌లో దాని జాడ చూసుకుంటూ వెళ్తే ఓ శిల్పి షెడ్డు దగ్గర తేలాం. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. మా విమానం ఇసుక కుప్పలో ముక్కు దూర్చుకుని ఉంది. చుట్టూ సగం చెక్కిన దేవుళ్లు. శిల్పి ఉలి పక్కన పెట్టి, దానికి కాపలా ఉన్నట్టు పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన మీసంలో తెల్లవెంట్రుక ఏదో రాతిపొడి ఏదో తెలియడం లేదు.

"ఇది మాదండీ," అన్నారు సారు.

"మీదైతే మీ కాడుండాల గదా. నా కాడికొచ్చె. దేవుడే పంపించినాడేమో అనుకుంటాండా."

సారు గుర్తింపు కార్డు తీసి చూపించారు. శిల్పి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు.

"ఇస్తాలేప్పా, నేనేం చేసుకుంటా దీన్ని. ముందు నాకొక మాట చెప్పండి. విమానాలు చేసేటోళ్లు గదా మీరు."

షెడ్డు లోపలికి వెళ్లి, చంటిబిడ్డంత గరుత్మంతుణ్ణి తెచ్చి సారు చేతుల్లో పెట్టాడు. ప్లాస్టర్‌తో చేసినది. ఒక గుడికి నిలువెత్తు విగ్రహం చెక్కాలట, దానికి ముందుగా చేసుకున్న నమూనా.

"ఈ రెక్కలకు ఈయన లేస్తాడా, లెయ్యడా? మా అల్లుడు లెయ్యడంటాడు. వాని మాట అబద్ధం చెయ్యాల నాకు."

భాయ్ నావైపు తిరిగి దగ్గాడు. సారు మాత్రం ఒక కన్ను మూసి, రెక్క అంచు వెంబడి పరీక్షగా చూశారు. "ఊరికే చూసి చెప్పలేమండీ. గాలిలో పెట్టి చూడాలి," అన్నారు.

అలా విమానంతోపాటు గరుత్మంతుడు కూడా నంద్యాల వచ్చాడు, దారంతా నా ఒళ్లో కూర్చుని.

మా ల్యాబ్‌లో గాలి సొరంగం ఒకటి ఉంది. ఒక చివర పెద్ద ఫ్యాను, మధ్యలో అద్దాల గది. అందులో విమానం నమూనాను బిగించి గాలి తోలితే, ఆ గాలికి అది ఎంత లేస్తుందో తెలుస్తుంది. పొగ వదిలితే గాలి పోయే దారి కంటికి కనిపిస్తుంది. సారు నా పరీక్షలన్నీ ఆపేయించి గరుత్మంతుణ్ణి బిగించారు. రెక్కలు కాస్త పైకి, కాస్త కిందికి వంచి చూస్తూ ఆ రాత్రి భోజనం సంగతే మరిచారు.

మర్నాడు ఇంకా ఆ పనిలోనే ఉండగా, మధ్యాహ్నం రావలసిన తనిఖీ కమిటీ పొద్దున్నే వచ్చేసింది. సారు అద్దాల గదికి అడ్డంగా నిలబడ్డారు.

"తీసెయ్యి భాయ్, తొందరగా."

"బోల్టులు బిగిచ్చినా సార్. ఇప్పుడు లాగితే రెక్క ఇరుగుతాది," అని భాయ్ తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ ఏం చెప్పాడో, కమిటీ పెద్దలు లోపలికొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. అందరూ బూట్లు విప్పి వచ్చారు. మా ల్యాబ్‌లో అలాంటి నియమం ఎన్నడూ లేదు. ఒకాయన మేజోడుకు చిల్లుపడి బొటనవేలు బయటికొచ్చింది. పాపం, ఉన్నంతసేపూ ఆ కాలిని రెండో కాలి వెనక దాచుకున్నాడు.

అద్దాల గదిలో రెక్కల మీదుగా తెల్లటి పొగ పారుతోంది. వాళ్లలో వయసులో పెద్దాయన తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ జోడించారు. కమిటీ అధ్యక్షుడు కాసేపటికి తేరుకుని, "ఇది ఏం పరిశోధనండీ?" అని అడిగాడు.

ప్రకృతిని చూసి నేర్చుకోవడం, పక్షి రెక్కల స్ఫూర్తి, అంటూ ఏదో ఒకటి చెబుతారని ఆశపడ్డాను.

"ఆళ్లగడ్డలో ఒకాయనకీ ఆయన అల్లుడికీ వాదం వచ్చిందండీ," అన్నారు సారు.

నేను పెదవి కొరుక్కున్నాను. అధ్యక్షుడు పొగను చూస్తూ ఆలోచించాడు.

"ఎవరు గెలుస్తున్నారు?"

"అల్లుడండీ," అన్నారు సారు దిగులుగా.

"గాలి పెంచి చూడకపోయారా?"

"మోటారు పాతదండీ. ఇంతకుమించి తిరగదు. కొత్తది అడుగుతూనే ఉన్నాం."

మేం ఎన్నిసార్లు అడిగినా కదలని ఆ మోటారు సంగతి ఆ పూట కదిలింది. నెల తిరక్కుండానే మంజూరైంది. కమిటీ వెళ్లాక, బూట్లు ఎందుకు విప్పించావని భాయ్‌ని అడిగాను.

"బూట్లేసుకున్నోడు దబాయిస్తాడు పాపా. ఇడిచినోడు నిమ్మళంగా ఉంటాడు."

మోటారు మంజూరయ్యాక ఓ ఆదివారం గరుత్మంతుణ్ణి తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాం. ఈ రెక్కలకు లేవడం కష్టమని, ఒళ్లు తగ్గాలి లేదా రెక్కలు బాగా పెరగాలని సారు మెల్లగా చెప్పారు. శిల్పి వెనక్కి తిరిగి చూశాడు. అల్లుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, మిషన్‌తో ఓ నంది వీపు నున్నగా చేస్తున్నాడు.

"ఇంకా మెల్లగా మాట్లాడు సార్. వాడు ఈడనే ఉండాడు," అని, వెంటనే గొంతు పెంచి, "లేస్తాడంటనా? నేను చెప్పలా?" అన్నాడు.

అల్లుడు మిషన్ ఆపి వచ్చాడు. "నిజమేనా సార్?"

సారు భాయ్ వైపు చూశారు. భాయ్ ఆకాశం వైపు చూశాడు.

"కొత్త మోటారు వస్తోందయ్యా," అన్నారు సారు. "దాంతో మళ్లీ చూడాలి."

అల్లుడు నమ్మినట్టు లేడు. మామ మాత్రం ఆ పూట మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టెలూ వేరుశెనక్కాయల చట్నీ కొసరి కొసరి వడ్డించింది అల్లుడే.