పురుగుమందుల కొట్లో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలిసినవి ఏమైనా మిగిలాయా అని వెతుక్కుంటున్నాను.) బాపట్లలో వ్యవసాయం చదివి తెనాలిలో మా బాబాయి పురుగుమందుల కొట్లో చేరానో లేదో, కొట్టుకి కొత్త చట్టాలు పెట్టేశాను. బీహెచ్‌సీ పొడి బస్తా విప్పితే ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకోవాలి. చేతులకి తొడుగులుండాలి. సబ్బుతో కడుక్కోకుండా కాఫీ గ్లాసైనా ముట్టకూడదు. తొడుగులు దొరక్క, ఒక పాత వానకోటు చేతులు కత్తిరించి, చివర్లు పురికొసతో కట్టి తొడుక్కునేవాణ్ణి. "దొంగతనానికి బయలుదేరావేంట్రా?" అని బాబాయి నవ్వేవాడు. కోటు తనదేనని వానలొచ్చేదాకా ఆయనకి తెలియలేదు.

అప్పుడే నాకు రేపల్లె సంబంధం మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయిని చేబ్రోలులో ఎవరి పెళ్ళిలోనో చూశాను. అప్పట్నుంచి తిండి సయించడం లేదు, ఆ సంబంధం తప్పిపోతే ఏమైపోతానో అని ఒకటే బెంగ. ఆదివారం వాళ్ళ నాన్న మా ఇంటికి వస్తాడన్నారు. చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున బస్తా విప్పుతుండగా మీసాలాయనొకాయన కొట్లోకి వచ్చాడు. బాబాయి గబగబా కుర్చీ వేశాడు. "మా అన్నయ్య కొడుకండి, బాపట్లలో చదివాడండి" అంటూ నా వైపు తిరిగి కన్ను గీటడం మొదలుపెట్టాడు. కంట్లో పొడి పడిందనుకున్నాను. "కదలకు బాబాయ్!" అని చెంబెడు నీళ్ళు మొహాన కొట్టాను. ఆయన మాట్లాడబోతే ఇంకో చెంబు.

"ఆ గుడ్డ తియ్యవయ్యా, మొహం చూద్దాం" అన్నాడు మీసాలాయన.

"బస్తా విప్పి ఉందండి. తియ్యకూడదండి."

మా వైపు రైతు మినుములైనా మిరపపొడైనా చిటికెడు తీసి, నలిపి, వాసన చూడందే బేరానికి దిగడు. పురుగుమందుకి మాత్రం ఆ మర్యాద ఎందుకు తప్పాలి? ఆయన బస్తాలో చెయ్యి పెట్టి, నలిపి, వాసన చూసి, "సరుకు మంచిదే" అన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడి, అవే వేళ్ళతో తమలపాకు తీసి, సున్నం రాసి, కిళ్ళీ చుట్టి నోటి దాకా తీసుకెళ్ళాడు.

"పెదనాన్నగారండీ, చేతులు కడుక్కోండి!"

"పొలంలో పుట్టి పెరిగినోణ్ణి, నాకేమవుద్దిరా అబ్బాయ్!"

ఆ చేతి మీద ఫెడీమని ఒకటి కొట్టాను. కిళ్ళీ ఎగిరి రోడ్డు మీద పడింది. ఆయన మీసాలు వణికాయి. "పెద్దంతరం చిన్నంతరం లేదంట్రా?" అని లేచాడు. నేను సబ్బు ముందుకు తోశాను. "ముందు కడుక్కోండి, తర్వాత తిడుదురుగాని." కడుక్కున్నాడు. కడుక్కుంటున్నంతసేపూ తిట్టి మరీ వెళ్ళిపోయాడు.

బాబాయి మొహం తుడుచుకుంటూ, "ఆదివారం దాకా ఆగలేక నిన్ను చూసిపోదామని వచ్చాడ్రా మీ కాబోయే మావగారు" అన్నాడు. ఆ శనివారం అన్నం ముట్టలేదు.

ఆదివారం సాయంత్రం రేపల్లె నుంచి మనిషి వచ్చాడు. మా అత్తగారి కబురు. "కిళ్ళీ మానమని నేను నోరు నొప్పెట్టేలా చెప్పినా ఈయన వినలేదు. ఈయన చేతిలోది పడగొట్టినోడు ఇన్నాళ్ళకి దొరికాడు. మా పిల్ల ఆ అబ్బాయికే."

ఇప్పుడు నాకు చక్కెర జబ్బు. డాక్టరు వద్దన్న మైసూరుపాకు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒకసారి గుమ్మం వైపు చూస్తాను. కిళ్ళీ పడగొట్టిన ఆ పొగరుబోతు కుర్రాడు వస్తాడేమోనని. రాడు. తినేస్తాను.