అమెరికా బర్నిలో మామిడికాయ తొక్కు

రోజంతా జనాన్ని పైకి చేర్చే ఉద్యోగం నాది. ముంబైలో, వర్లిలో ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు నడుపుతాను. కామాఠిపురలో మేముండే చాల్‌కు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఆ పాత మేడకు, మాత్రం లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు నన్ను నేనే మోసుకెళ్ళాలి. ఆ ఆదివారం నాతోపాటు ఒక అమెరికా జాడీని కూడా మోశాను.

అమ్మ మామిడికాయ తొక్కు పెట్టే పాత జాడీ పొద్దున్నే పగిలింది. అప్పటికే కాయలు కొట్టించి, ముక్కలు చీర మీద ఆరబోసింది. సాయంత్రంలోగా కలపకపోతే ముక్క మెత్తబడుతుంది, ఏడాది తొక్కు పోతుంది. నాగ్‌పాడాలో ఎక్కడ అడిగినా ప్లాస్టిక్ డబ్బాలే చూపించారు. అమ్మ ప్లాస్టిక్‌ను ముట్టదు. వర్లి బిల్డింగులో ఒక మేడమ్ వంటింట్లో గరిటెలు పెట్టుకునే జాడీ చూసిన గుర్తు. అక్కడికి పోయి సిగ్గు విడిచి అడిగితే, ఇచ్చేసింది.

బూడిదరంగు మట్టి, రాయిలా గట్టిగా కాల్చింది, పైన నీలం పువ్వు. అమెరికాలో ఒక కుటుంబం చేతులతో చేసిందట: తండ్రి సారె తిప్పుతాడు, కూతురు పువ్వులు వేస్తుంది. మేడమ్ ఇదంతా చెప్పి, మర్యాదకొద్దీ కడిగి మరీ ఇచ్చింది. బస్సులో ఒకాయన లేచి చోటిచ్చాడు. నాకు కాదు, జాడీకి.

అమ్మ లోపల చెయ్యి పెట్టి చూసింది.

"గిదేందిరా, తడి! నీళ్ళు తగిలిన బర్నిల పెడితే బూజు పట్టదా?"

"పాపం, కడిగిచ్చిందే అమ్మా."

"ఆమె మంచిదే. బూజుకేం ఎరుక? టెర్రస్ మీద ఎండకు పెట్టు. కబూతర్లు రెట్టలేసి ఖరాబు చేస్తయి, ఆడనే కూసో."

లిఫ్టులో నాకు స్టూలైనా ఉంటుంది. ఆ ఎండకు జాడీ ఎండింది, నేనూ ఎండాను.

కిందికి దించాక అమ్మ వేలి కణుపుతో కొట్టి చూసింది. ఖంగుమంది. బోర్లించి, అడుగున చెక్కిన అక్షరాలు తడిమింది.

"ఏం రాసిన్రు?"

"చేసినోళ్ళ ఇంటిపేరు."

"ఇంటిల్లిపాది ఒక్కటే పనా? మన లెక్కనే. మా నాయిన గోడలు కట్టిండు, మేం తట్టలు మోసినం. పేరెయ్యాలని మాకు తట్టకపాయె." అంతలోనే, "మూతేదిరా?" అంది.

"గరిటెలకు మూతెందుకే?"

తొక్కు కలిపి జాడీకెత్తి, నా మంచి పంచె చింపి మూతికి వాసెన కట్టింది.

మూడో రోజు డ్యూటీ దిగి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి, అమ్మ జాడీ అడుగు చుట్టూ వేళ్ళు తిప్పి చూస్తోంది. ఎక్కడా నూనె చెమర్చలేదు. వాసెన విప్పింది. నూనె పైకి తేలి, ఎర్రగా మెరుస్తోంది. అన్నంలో కలిపి నాకో ముద్ద పెట్టి, నా ముఖం చూసి, తనూ తిన్నది.

"రేపు పోంగ ఆ మేడమ్‌కు ఇంత తీస్కపో," అంది స్టీలు డబ్బా ఒకటి తుడుస్తూ. "డబ్బా వాపసిచ్చేటప్పుడు కడగకుమని చెప్పు."