రెండు రింగులు

అనకాపల్లి బస్ కాంప్లెక్స్‌లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మా కంపెనీ సొంత క్లౌడ్‌లో నేను కట్టిన కొత్త నెట్‌వర్క్‌ను పలకరిస్తున్నాను. తీగ లేదు, డబ్బా లేదు, రౌటర్ కూడా సాఫ్ట్‌వేరే. అందులో సాఫ్ట్‌వేర్‌తోనే చేసిన కంప్యూటర్ మిషన్‌కు పింగ్ కొడితే, అంటే ‘ఉన్నావా?’ అని అడిగితే, పొద్దున్నుంచి జవాబు లేదు.

పక్కన ఖాళీ చేపల తట్టతో ఒకావిడ కూర్చుంది. చేతిలో బటన్ల ఫోను.

“ఏటి బాబూ, అలా దిగులుగా సూత్తన్నావు?”

“మిషన్ పలకట్లేదమ్మా.”

“సచ్చిపోనాదేటి?”

“లేదు, బతికే ఉంది...” అంటుండగా గుర్తొచ్చింది. బయటివాళ్లు పిలిస్తే పలకొద్దనే రూలు కొత్త మిషన్లకు ముందే ఉంటుంది. మార్చడం మరిచాను. ఆవిడకు అదే చెప్పాను.

“ఉండీ పలక్కపోతే బయటోలకెలా తెలుత్తాది?” అని ఆవిడ తన ఫోను చూసుకుంది. భర్త సముద్రం మీద వేటకెళ్లాడట. ఒడ్డుకు రాగానే రెండు రింగులిచ్చి పెట్టేస్తాడు. నిన్నే రావాలి.

“మరి ఎత్తవా అమ్మా?”

“ఎత్తితే ఏటి మాటాడతాడు, సేపల గురించేగా! ఉన్నాడని తెలిత్తే సాలు.”

రూలు మార్చాను. మిషన్ టక్కున పలికింది. ఆవిడ ఫోను మాత్రం పలకలేదు. నా పని అయిందని నవ్వబోయి, ఆవిడను చూసి ల్యాప్‌టాప్ మూసేశాను.

నక్కపల్లి బస్సు వచ్చింది. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టగానే ఫోను రెండుసార్లు మోగి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని, “సచ్చినోడు, ఇప్పుడు గుర్తొచ్చేనా!” అని తిట్టింది. కిటికీలోంచి నాకు రెండు వేళ్లు చూపించింది.

నెలల తరబడి సైలెంట్‌లో ఉన్న నా ఫోనును ఆ రోజే మామూలుగా పెట్టాను. ఇప్పటిదాకా ప్లాట్లు అమ్మేవాళ్లే పిలిచారు. అందరికీ పలుకుతున్నాను.