నరాల ఒక్కపొద్దు

నా చదువు ఆగిపోవడానికి కారణం పేదరికమని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నేనూ కాదనను, వినడానికి మర్యాదగా ఉంటుంది. నిజానికి ఐదో తరగతిలో సూదులు వేసే నర్సమ్మ బడికి వచ్చిందని గోడ దూకాను. దూకినవాణ్ణి మళ్లీ ఆ గోడ లోపలికి పోలేదు. నేరుగా మా నాయన మగ్గం గుంతలో దిగాను.

ఏళ్ల తరబడి ఆ గుంతలో కాళ్లు తొక్కీ తొక్కీ, నిరుడు ఎండాకాలం గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు లేచింది. హెర్నియా అన్నారు. కోసి కుట్టేదాకా మగ్గం ముట్టవద్దన్నారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు కడపకు నెలకొక శుక్రవారం వస్తాడు. అంతలోపల రక్తపరీక్ష చేయించుకుంటే సరి, లేకుంటే ఇంకో నెల మగ్గం పడుకున్నట్టే. కోతంటే నాకు భయం లేదు, మత్తిస్తారు. రక్తం మాత్రం మెలకువగా ఉన్నప్పుడే తీస్తారు!

ల్యాబుకు ఫోన్ చేసింది నా భార్య. రాత్రి భోంచేశాక ఏమీ తినకుండా పొద్దున్నే రమ్మన్నారట. మా ఇంట్లో ఏమీ తినకపోవడమంటే ఒక్కపొద్దు. ఒక్కపొద్దంటే మా ఆమె లెక్కలో నీళ్లు కూడా గొంతు దిగకూడదు. శనివారాలు తానూ అలాగే ఉంటుంది. పొద్దున నేను పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే పక్కనే నిలబడింది.

"ఉమ్మెయ్. అంతా ఉమ్మెయ్. గుటకేస్తే నాకు తెలుస్తాది."

కమలాపురంలో బస్సెక్కి కడపలో దిగేసరికి నా నాలుక చెప్పు అట్టలా తయారైంది.

ల్యాబులో రక్తం తీసేది మా మేనకోడలి ఈడు పిల్ల. చేతికి రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో తట్టి తట్టి చూసింది.

"అన్నా, నరం యాడ దాచిపెట్టినావు?"

"ఇంట్లో బీరువాలో పెట్టొచ్చినా తల్లీ. పోయి తెస్తా, వదులు."

మా ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. కుడిచేయి పొడిచింది ఆ పిల్ల, రాలేదు. తెగిన పోగు కొస కోసం నేను వెతికినట్టు, సూదితో లోపలే అటూ ఇటూ వెతికింది. ఎడమచేయీ అయింది, చుక్క రాలేదు. గోడ మీది క్యాలెండరులో దేవుడు ఇద్దరయ్యాడు.

"నీళ్లు బాగా తాగొచ్చినావా అన్నా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆమె గొప్పగా చెప్పింది. "చుక్క ముట్టనీలేదు పాపా. శానా నిష్ఠగా ఉండాడు."

ఆ పిల్ల నెత్తిన చేతులు పెట్టుకుంది. "తినొద్దన్యాం గానీ, నీళ్లు తాగొద్దని ఎవురు చెప్పినారక్కా? నీళ్లు లేకుంటే నరాలు యాడ తేలుతాయి?"

పెళ్లయ్యాక మా ఆమె తప్పు పదిమందిలో బయటపడడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో సగం నొప్పి మరిచిపోయాను.

"నరాల చేత కూడా ఒక్కపొద్దు చేయించినావు గదే! పుణ్యం సగం నీకు."

చెంబులకు చెంబులు నీళ్లు తాగించి కాసేపు ఆగమన్నారు. వాకిలి బార్లా తెరిచి ఉంది. గోడ కూడా లేదు, దూకే శ్రమ తప్పింది. మెల్లగా చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"యాడికి పోతాండావు?" అంది మా ఆమె.

"ఒంటికి."

"చెప్పులిడిసి పో."

ఎండాకాలం కడపలో చెప్పుల్లేకుండా ఎంత దూరం పారిపోతారు? నాలుగడుగులు గంతులేసి తిరిగొచ్చాను.

ఈసారి ఆ పిల్ల నన్ను బల్ల మీద పడుకోబెట్టింది. వేడినీళ్లలో తడిపిన గుడ్డ చేతికి చుట్టి, మొహం గోడవైపు తిప్పమంది.

"మాటలు శానా వచ్చు గదన్నా నీకు. ఏదన్నా కత చెప్పు. ఆపొద్దు."

బడి కథ ఎత్తుకున్నాను. నర్సమ్మ డబ్బా తెరిచింది, నేను బెంచీల కింద పాక్కుంటూ బయటపడ్డాను.

"మళ్లా?"

"మళ్లా గోడెక్కినా. కింద చూస్తే కంపచెట్టు."

"మళ్లా?"

"కళ్లు మూసుకోని దూకినా."

"అయిపాయ. లెయ్ అన్నా."

చూస్తే రెండు గొట్టాల నిండా రక్తం. నాదే! బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. తప్పు చేసినావిడ నాకంటే రెండు బజ్జీలు ఎక్కువే తినింది.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి వార్డుకు మా ఆమె పెద్ద నీళ్ల బాటిల్ మోసుకొచ్చింది, ఈసారి నరాలు తేలాలని. మొదటి గుక్క నా నోట్లో ఉండగానే నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఆపరేషన్ ముందర నీళ్లు కూడా ముట్టకూడదమ్మా!"

"మొన్న ఆయమ్మ తాగమనె, నువ్వు వద్దంటావు. ముందు మీరంతా ఒక మాట మీద ఉండండి తల్లీ" అంటూ మా ఆమె బాటిల్ లాక్కుని, నా వైపు తిరిగింది.

"ఉమ్మెయ్. అంతా ఉమ్మెయ్."